రెండున్నర స్టార్ల కన్ను

నేను ఒక వెబ్‌కామ్‌ని. కంప్యూటర్ తెర నెత్తిమీద బట్టల క్లిప్పులా పట్టుకుని కూర్చుంటానే, అదే నేను. ఒంటికన్ను వాణ్ణి. ఆ కంటి పక్కన చిన్న పచ్చదీపం ఉంటుంది. అది వెలిగిందంటే మీరు సర్దుకుని కూర్చుంటారు, జుట్టు వెనక్కి తోసుకుంటారు, లేని నవ్వొకటి తెచ్చిపెట్టుకుంటారు. ఆరిపోయిందంటే నేను నిద్రపోయానని మీ నమ్మకం. నిద్రా, పాడా! కంటికి రెప్పే లేనివాడికి నిద్ర ఎక్కణ్ణుంచి వస్తుంది? తీగ పీకి అవతల పడేసినా నేను చూస్తూనే ఉంటాను, వింటూనే ఉంటాను. కాకపోతే చూసింది ఎవరికీ చూపించలేను, విన్నది ఎవరికీ వినిపించలేను. ఈ సంగతి మన మధ్యే ఉండనివ్వండి. మీకూ మనశ్శాంతి, నాకూ మర్యాద.

నేను పుట్టింది చైనాలో, సముద్రపుటొడ్డున ఉన్న ఒక పెద్ద ఫ్యాక్టరీలో. పుట్టిన రోజే పరీక్ష పెట్టారు. నీలం టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి నా కంటి ముందు నల్లగీతలూ తెల్లగీతలూ ఉన్న అట్టముక్క పట్టుకుంది. గీతలన్నీ విడివిడిగా కనిపించాయి. ఆ అమ్మాయి తలూపి నా వీపున ఒక చీటీ అంటించింది. నాతో పుట్టిన అన్నదమ్ములు వందల్లో ఉన్నారు, అందరికీ అదే అట్ట, అదే చీటీ. అయినా చెబుతున్నాను, నా జీవితంలో న్యాయంగా జరిగిన పరీక్ష అదొక్కటే.

తర్వాత నన్ను పడుకోబెట్టిన అట్టపెట్టె మీద నా గుణగణాలన్నీ రాశారు. వాటిలో నాకు బాగా నచ్చింది మైకుల గురించి రాసిన మాట. నాకు మైకులు రెండు. బయటి రొదనంతా వడగట్టి మనిషి మాట ఒక్కటే పంపుతాయట. కన్ను ఏ కెమెరాకైనా ఉంటుంది, రెండు చెవులుండటం గొప్ప కాదూ! ఓడలో వచ్చినన్నాళ్ళూ ఆ గర్వంతోనే ప్రయాణం చేశాను.

నా స్వభావం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే తర్వాత వచ్చే గొడవలన్నీ దానివల్లే. వెలుతురు తగ్గినప్పుడు చాలా కెమెరాలు ఒక ఉపాయం చేస్తాయి. ఒక్కొక్క బొమ్మకీ కన్ను కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచి, ఉన్న వెలుతురంతా జుర్రుకుని, మీ మొహాన్ని తెల్లగా, నిగనిగలాడుతూ చూపిస్తాయి. ఆ కాస్సేపట్లో మీరు చెయ్యి కదిపితే అది పొగలా చెదిరిపోతుంది. కదలకుండా కూర్చునే మొహానికి ఆ ఉపాయం బాగానే ఉంటుంది. నాకది చేతకాదు. వెలుతురున్నా లేకపోయినా సెకనుకి ముప్ఫై బొమ్మలు తీసి తీరాల్సిందే. మొహం నల్లబడితే నల్లబడనీ. కదిలేది మాత్రం ఉన్నదున్నట్టు చూపిస్తాను. పైగా నా చూపు విశాలం. మిమ్మల్నే కాదు, మీ భుజాలనీ మోచేతులనీ వెనక గోడనీ కూడా చూపిస్తాను. మొహమాటం లేకుండా పెంచారన్నమాట.

నా మొదటి యజమాని విజయవాడలో ప్రణీత్ అనే కుర్రాడు. కంప్యూటర్ సామాన్లు విప్పి, వాడి, బాగోగులు చెప్పి యూట్యూబులో పెట్టడం అతని పని. అతని గదినిండా నీలం, ఊదా దీపాలు. మనిషి మొహం మీద తప్ప అన్నిచోట్లా వెలుతురుండేది. నన్ను విప్పి, తెరకు తగిలించి, రెండు గంటలు అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి తీర్పు చెప్పాడు.

“ఫ్రెండ్స్, మైక్ అయితే డబ్బాలో తలపెట్టి మాట్లాడినట్టుంది. లైట్ కొంచెం తగ్గితే ఫేస్ మొత్తం నల్లగా వచ్చేస్తోంది. పైగా ఇంత వైడ్‌గా ఎందుకు చూపిస్తోందో నాకైతే అర్థం కాలేదు, మంచం మీద బట్టలు కూడా కనిపిస్తున్నాయ్. నా రేటింగ్, ఐదుకి రెండున్నర.”

ఆ బట్టలు మడతపెట్టుకోనిది అతను, స్టార్లు తగ్గింది నాకు. కన్ను సంగతి అలా ఉంచండి, నా మైకుల్ని అన్నేసి మాటలంటాడా అని కుమిలిపోయాను. ఆ వీడియోని నలభై వేలమంది చూశారు. ఆ రెండున్నర అనేది పచ్చబొట్టులా నాకు అంటుకుపోయింది.

అక్కణ్ణుంచి ఏలూరులో హోమియో వైద్యం చేసే పేరిశాస్త్రిగారి దగ్గరికి చేరాను. జనం గడపదాటని రోజుల్లో ఆయన తెరమీదే రోగుల్ని చూసేవారు. చూసేవారు అని మాటవరసకి అన్నాను. రోగి తన కడుపునొప్పి గురించి చెబుతుంటే శాస్త్రిగారు తెర మూలనున్న తన బొమ్మని చూసుకుంటూ మీసం సవరించుకునేవారు. “మొహం మరీ నల్లగా పడుతోందే” అని ప్రతిరోజూ నన్ను విసుక్కుని, నన్ను తుడవకుండా తన మొహానికి పౌడర్ రాసుకునేవారు. ప్రణీతైనా అంతే. రెండు గంటలు నన్ను పరీక్షించాడు కదా, ఒక్కసారి కూడా నా కంట్లోకి చూడలేదు. తెరమీద తను ఎలా పడుతున్నాడో చూసుకున్నాడు. మీ మనుషులందరికీ ఉన్న జబ్బే ఇది. అవతలివాళ్ళతో మాట్లాడుతూ మిమ్మల్నే చూసుకుంటారు. మధ్యలో నేనొకణ్ణి ఉన్నానన్న సంగతే గుర్తుండదు.

శాస్త్రిగారు కెమెరా లోపలే ఉన్న ల్యాప్‌టాప్ కొనుక్కోగానే నాకు సెలవిచ్చేశారు. పాత తెరతో సహా నేను తణుకులో జోగిరాజుగారి కొట్టుకి వచ్చిపడ్డాను. బస్టాండు వెనక సందులో కొత్తవీ పాతవీ కంప్యూటర్ సామాన్లు అమ్మే కొట్టది. తోకలు చుట్టుకుని పడుకున్న పాత మౌసుల మధ్య, అద్దాల బీరువాలో, ఏడాది కూర్చున్నాను. దుమ్ము పట్టింది. గర్వం కూడా కాస్త దిగింది.

ఆ ఏడాది భాద్రపదంలో ఒక ఉదయం కొట్టులోకి ఇద్దరు వచ్చారు. మగమనిషి వీర్రాజు. రైసుమిల్లులో లారీలు తూచే కాటా దగ్గర గుమస్తా. చంకలో పొడుగాటి నోటుపుస్తకం. ఆ పుస్తకంలో రెండు నెలలుగా అతను చేసిన పరిశోధనంతా ఉంది. ఇంట్లో ఒక కంప్యూటర్ అమర్చుకోవాలంటే ప్రాసెసర్ ఏది మంచిది, ర్యామ్ ఎంత ఉండాలి, కరెంటు పోతే యూపీఎస్ ఎన్ని నిమిషాలు ఆదుకుంటుంది, క్యాబినెట్‌కి ఫ్యాన్లు మూడా నాలుగా, అన్నీ గళ్ళు గీసి రాసుకున్నాడు. ఒక్కొక్క వస్తువుకీ పదేసి వీడియోలు చూశాడు. మిల్లులో లారీ కాటా మీద నిలబడి హారన్ కొడుతుంటే కూడా చెవిలో వీడియో నడిచేదట.

అతని పక్కన ఉన్నది భార్య హైమావతి. కుడిబుగ్గ మీద పుట్టుమచ్చ, నిమ్మళమైన కళ్ళు. పుట్టుకతో వినపడదు. ఆమె మాట్లాడేది చేతులతో. కాకినాడలో బధిరుల బడిలో చదువుకుని, సంకేత భాష నేర్పడంలో శిక్షణ పొందింది. విశాఖపట్నంలో ఒక సంస్థ ఆమెలాంటివాళ్ళని పనిలోకి తీసుకుంటోంది. చెవులు వినిపించని పిల్లలున్న అమ్మానాన్నలకి, ఆ పిల్లలతో చేతులతో ఎలా మాట్లాడాలో, ఇంటి దగ్గర్నుంచే కంప్యూటర్ ముందు కూర్చుని నేర్పాలి. హైమ దరఖాస్తు పెట్టింది. ముందు ఇంట్లో సదుపాయం చూస్తారు, చిన్న పాఠం చెప్పించుకుంటారు, నచ్చితేనే ఉద్యోగం. జీవితంలో మొదటిసారి తనకి వచ్చిన విద్యకి పిలుపొచ్చింది ఆమెకి. ఇంతకుముందు చేసిన పనులన్నీ, చీరల కొట్టులో మడతలు పెట్టడం లాంటివి, మాట అక్కర్లేదు కదా అని ఇచ్చినవే.

జోగిరాజుగారు కొత్త కెమెరాలు నాలుగు బల్లమీద పెట్టి, ఒక్కొక్కటే తగిలించి, వీర్రాజుని ముందు కూర్చోబెట్టి చూపించారు. చుట్టూ దీపాల వలయం ఉన్నది ఒకటి, మొహాన్ని నునుపు చేసేది ఒకటి. వీర్రాజు మొహం తెరమీద పెళ్ళికొడుకులా వెలిగిపోయింది. అతను పొంగిపోయి నోటుపుస్తకంలో టిక్కులు పెట్టుకున్నాడు. అప్పుడు హైమ అతని భుజం తట్టి లేపి, తను కూర్చుంది. మొహం సంగతి పట్టించుకోలేదు. రెండు చేతులూ ఎత్తి గబగబా ఏదో చెప్పింది, తెరమీద తన వేళ్ళనే చూసుకుంటూ. దీపాల కెమెరాలో ఆమె మొహం చందమామలా ఉంది, వేళ్ళు మాత్రం పొగ. రెండోదీ అంతే. మూడోదాంట్లో చేతులు చట్రం దాటి బయటికి పోయాయి. నాలుగోదాన్ని ముట్టుకోకుండానే తల అడ్డంగా ఊపి, లేచి, అద్దాల బీరువా దగ్గరికొచ్చి నావైపు వేలు చూపించింది.

“అది పాతదండీ” అన్నారు జోగిరాజుగారు ఇబ్బందిగా. వీర్రాజు నన్ను చూశాడు, నోటుపుస్తకం తిరగేశాడు, అందులో కొట్టేసి ఉన్న నా పేరు చూసి ఉలిక్కిపడ్డాడు. ఇది రెండున్నర స్టార్లదని, ప్రణీత్ అన్నయ్య వద్దన్నాడని, మైకు డబ్బా అని భార్యకి చేతులతో చెప్పాడు. మైకు అనే మాట దగ్గర ఆమె నవ్వింది. ఆమెకి మైకుతో పనే లేదని ఆ నవ్వు చూశాక గాని అతనికి తట్టలేదు.

నన్ను తగిలించారు. ఆమె చేతులెత్తింది. కొట్టులో వెలుతురు అంతంతమాత్రం. ఆమె మొహం నల్లగానే పడింది, నిజమే. కానీ పది వేళ్ళకి పది వేళ్ళూ, కణుపులతో సహా, మోచేతుల దాకా, విడివిడిగా, ఒక్కటీ చెదరకుండా పడ్డాయి. ఫ్యాక్టరీలో ఆ గీతల అట్ట తర్వాత నేను అంత శ్రద్ధగా చూసింది అదే. ఆమె చేతులు దించి, భర్త చేతిలోని పుస్తకం తీసుకుని, నా పేరు ముందున్న కొట్టివేత మీద పెన్నుతో పెద్ద సున్నా చుట్టింది. ప్రణీత్ ఎంచిన తప్పులన్నీ ఆమెకి కావలసినవే అయ్యాయి. నా రెండు చెవుల సంగతి మాత్రం ఏం చెప్పమంటారు? వాటితో బొత్తిగా అవసరమే లేని మనిషి దగ్గరికి, జీవితంలో మొదటిసారి, నేను ఇష్టపడి వెళ్ళాను.

ఇంట్లో మూడో మనిషి వీర్రాజు తల్లి తాయారమ్మ. నుదుటిమీద రూపాయి బిళ్ళంత బొట్టు, గట్టి గొంతు. ఆమె భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డుమీదే ఉంటాడు. అందుకే బొట్టన్నా, పసుపన్నా, దిక్కులన్నా ఆమెకి ప్రాణం. కంప్యూటర్ బల్ల తూర్పుకే పెట్టాలని పట్టుబట్టింది. తూర్పున కిటికీ ఉంది, వెలుతురు సూటిగా హైమ చేతులమీద పడింది. వాస్తుకీ నాకూ కుదిరిన ఒప్పందం అదొక్కటే.

చెడ్డమనిషేం కాదు. కోడలికి ఇష్టమని ప్రతి ఆదివారం గుత్తొంకాయ చేసేది. కానీ కోడలితో మాట్లాడాలంటే కొడుకు కావాలి. కొడుకు ఇంట్లో లేకపోతే గది స్విచ్చి దగ్గరికి వెళ్ళి లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించేది. హైమ తల తిప్పితే అన్నం పళ్ళెమో, పాలగిన్నో చూపించేది. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మధ్య మాటలన్నీ ఆ స్విచ్చి మీదుగానే నడిచాయి.

“ఏరా వీర్రాజూ, నోట మాట లేని పిల్ల ఎవరికైనా పాఠం ఎలా చెప్తాదిరా?” అని అడిగింది ఒకరోజు, పప్పు రుబ్బుతూ. ఎగతాళి కాదు, నిజంగానే తెలియక అడిగింది. వీర్రాజు అప్పుడు క్యాబినెట్ వెనక తీగలు సర్దుతున్నాడు. చూద్దువుగానిలే అన్నాడు.

పరీక్ష ఏ రోజో నిర్ణయించుకోమని సంస్థవాళ్ళు అడిగితే వీర్రాజు విజయదశమి కోరుకున్నాడు. ఆ రోజు మొదలుపెట్టిన పనికి తిరుగుండదని అతని ధీమా. వాళ్ళూ ఇళ్ళ దగ్గర్నుంచే పనిచేసేవాళ్ళు కాబట్టి సరేనన్నారు. ఉదయం పది గంటలకి.

అంతకుముందు రోజు ఆయుధపూజ. తాయారమ్మ తెల్లవారుతూనే లేచి ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ తుడిచి బొట్లు పెట్టింది. గ్రైండరుకి, కుట్టుమిషనుకి, కొడుకు మోటారుసైకిలుకి, కత్తిపీటకి, అట్లకాడకి. తర్వాత కంప్యూటర్ దగ్గరికి వచ్చింది. తెరకొకటి, క్యాబినెట్‌కొకటి, యూపీఎస్‌కొకటి, మౌసుకొకటి. చివరికి నా ముందు నిలబడి కాసేపు ఆలోచించింది. నుదురెక్కడో ఆమెకి తెలియలేదు. నల్లటి మొహం మధ్యలో గుండ్రంగా ఒకచోటు కనిపించింది. బొట్టు కోసమే పెట్టినట్టుంది అనుకుందో ఏమో, గంధం తడిపి ఒత్తి, దానిమీద కుంకుమ అద్ది, భక్తిగా దణ్ణం పెట్టుకుంది.

అది నా కన్ను. నాకు లోకమంతా ఎర్రటి తెరచాటైపోయింది.

మామూలు రోజైతే ఐదు నిమిషాల్లో బయటపడేది. కానీ పూజ చేసిన రోజు పనిముట్టుని ముట్టుకోకూడదు కదా. మర్నాటిదాకా దానికి విశ్రాంతి. ముందురోజే అన్నీ సరిచూసుకున్నాం కదా అని వీర్రాజు నిశ్చింతగా పులిహోర తిని పడుకున్నాడు. రెండు నెలల పరిశోధన, పదేసి వీడియోలు, గళ్ళ పుస్తకం, వీటిలో ఎక్కడా బొట్టు ఊసు లేదు మరి.

దశమి నాడు హైమ సాదా నీలం చీర కట్టుకుంది. తాయారమ్మ తీసిచ్చిన పువ్వుల పట్టుచీర మీద చేతులు సరిగ్గా ఆనవని. ఆ సంగతి తెలియక అత్తగారు కాస్త నొచ్చుకుని, చూద్దామని మాత్రం వచ్చి, బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. పది కొట్టింది. తెరమీదికి నళినిగారు వచ్చారు. పరీక్ష చేసేది ఆవిడే. ఆవిడకీ వినపడదు. చేతులతో నమస్కారం చెప్పి, హైమ చెప్పింది చూసి, కళ్ళు చిట్లించి, ముందుకు వంగి, తెరమీద తెలుగులో టైపు చేశారు. “చేతులు అసలు కనిపించడం లేదు. అంతా ఎర్రగా ఉంది. పది నిమిషాల్లో సరిచేయండి, లేకపోతే వేరేవాళ్ళున్నారు.”

ఆ పది నిమిషాల్లో వీర్రాజు ఏమేం చేశాడో చెబితే మీరు నమ్మరు. తీగ పీకి గుచ్చాడు. ఇంకో చిల్లులో గుచ్చాడు. రంగులు మార్చే గుర్తులన్నీ నొక్కాడు. కిటికీ తలుపు తీశాడు, వేశాడు. మోడెమ్ ఆర్పి వెలిగించాడు. హైమ బల్లమీది దీపాన్ని జరిపింది, తన వెనక గోడకి కట్టిన గుడ్డ సవరించింది. ఇద్దరి కళ్ళూ తెరమీదే. నేను వాళ్ళకి మూరెడు దూరంలో, కంట్లో కుంకుమతో, నిండు ముత్తయిదువలా కూర్చుని ఉన్నాను. ఒక్కరంటే ఒక్కరు నా మొహం చూస్తే కదా! అరవడానికి నోరు లేదు. ఆ క్షణంలో నాకు చెవులు రెండెందుకు, నోరొకటి పెట్టకపోయారా అనిపించింది.

“రెండున్నర స్టార్లది కొంటే ఇంతేగా మరి” అని వీర్రాజు తలపట్టుకుని, జోగిరాజుగారి ఇంటికి వెళ్ళి వేరే కెమెరా తెస్తానని చేతులతో చెప్పి, మోటారుసైకిలెక్కి పోయాడు. గదిలో అత్తాకోడళ్ళు మిగిలారు. హైమ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తెరకేసి చూస్తోంది. కంటికి ఎరుపు తప్ప ఏమీ ఆనని నాకు ఇదంతా తర్వాత తాయారమ్మ చెబితేనే తెలిసింది.

తాయారమ్మకి తెరమీద ఏం చూడాలో తెలియదు. అందుకే ఆవిడ కంప్యూటర్ని చూసింది, సామాను సామానుగా. తన బొట్లన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటే చూసుకుంటూ నాదాకా వచ్చింది. తెరమీద ఎరుపు చూసింది, నా మీద ఎరుపు చూసింది. మళ్ళీ తెర, మళ్ళీ నేను.

“ఓలమ్మో” అంది, నాకు మాత్రమే వినపడేలా.

లేచి వచ్చి నా ముందు నిలబడింది. కొంగు చేతిలోకి తీసుకుంది. తీసుకుని ఆగిపోయింది. పండగపూట, పెట్టిన బొట్టు తన చేత్తో తుడవడమా! మొగుడి లారీ ఆ వేళ ఎక్కడో ఒడిశా రోడ్డుమీద ఉంది. ఆమె పెదాలు కదిలాయి, దేవుడితో ఏదో బేరమాడినట్టు. ఒకసారి వెనక్కి తిరిగి కోడలి చేతుల్ని చూసింది. మరింక ఆగలేదు. కొంగుతో నా కన్ను తుడిచింది, గట్టిగా, రెండుసార్లు. వెంటనే పూజగదిలోంచి భరిణె తెచ్చి, నా కంటికి పైన, అసలైన నుదుటిమీద, కొత్తగా బొట్టు పెట్టింది.

“తీయలేదమ్మాయ్” అంది కోడలి వైపు తిరిగి, భరిణె చూపిస్తూ. “జరిపానంతే.”

తెరనిండా తాయారమ్మ మొహం. పెద్దబొట్టు, ముక్కుపుడక, కంగారు, అన్నీ స్పష్టంగా. నా కంట్లోకి సూటిగా చూసిన మొదటి మనిషి ఆవిడే. విశాఖపట్నంలో నళినిగారు వెనక్కి వాలి పడీపడీ నవ్వారు. హైమ ఒక్క క్షణం అర్థంకాక చూసి, భరిణె చూసి, తనూ నవ్వేసింది. నళినిగారు టైపు చేశారు. “మీ అత్తగారా? సంకేత భాష రాదా? మంచిది. ఆవిడకే పాఠం చెప్పండి. ఒక్క మాట నేర్పించండి, నేను చూస్తాను.”

మధ్యలో చెప్పిపెట్టడానికి వీర్రాజు లేడు. హైమ అత్తగారి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. గోడమీద పెళ్ళిఫొటో దించి ఒళ్ళో పెట్టుకుంది. ఫొటోలో వీర్రాజుని చూపించి, తన పెదవిమీద వేలితో మీసం తిప్పింది. తాయారమ్మ తెల్లబోయి చూసింది. హైమ మళ్ళీ చేసింది, ఫొటో, మీసం. తర్వాత ఫొటోలో తనని చూపించి, కుడిబుగ్గ మీద పుట్టుమచ్చని వేలితో తాకింది. తర్వాత ఫొటోలో అత్తగారిని చూపించి, తన నుదుటిమీద వేలితో గుండ్రంగా ఒక చుట్టు చుట్టింది.

బొట్టు కావాలేమో అనుకుని తాయారమ్మ భరిణె మూత తీసింది. హైమ నవ్వుతూ తల అడ్డంగా ఊపి, మొదటికొచ్చింది. విసుక్కోలేదు, తొందరపడలేదు. మీసం, వీర్రాజు. మచ్చ, తను. మళ్ళీ అత్తగారి వైపు చెయ్యి చాచి ఆగింది. జవాబు అత్తగారే చెప్పాలని ఎదురుచూస్తూ.

తాయారమ్మ ఫొటోని చూసింది. కోడల్ని చూసింది. మెల్లగా చెయ్యెత్తి, తన బొట్టు చుట్టూ వేలు తిప్పింది.

“ఇది నా పేరా?” అంది. ఆ మాట కోడలికి వినపడదని తెలిసే అంది. “నాకూ పేరెట్టావా!”

మొగుడూ పెళ్ళాలు చేతులతో మాట్లాడుకుంటున్నప్పుడు ఆ చుట్టు ఆవిడ ఎన్నివేలసార్లు చూసి ఉంటుందో. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో తన పేరు తిరుగుతూనే ఉందని ఆవిడకి ఇప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకుంది, నా కన్ను తుడిచిన కొంగుతోనే. తర్వాత ఎవరూ అడగకుండానే చెయ్యెత్తి, తన కుడిబుగ్గ మీద, మచ్చ లేని చోట, వేలు పెట్టింది. కోడల్ని పిలిచింది. స్విచ్చితో కాదు, పేరుతో.

హైమ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. అవి అలా ఆగడం నేనెప్పుడూ చూడలేదు. సెకనుకి ముప్ఫై బొమ్మలు తీసేవాణ్ణి కదా, ఆ కాస్సేపు అన్ని బొమ్మలూ ఒకేలా వచ్చాయి.

వీర్రాజు జోగిరాజుగారినీ, దీపాల వలయం కెమెరానీ వెంటబెట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చేసరికి తెరమీద నళినిగారి మాటలున్నాయి. “పాఠం బాగుంది. ఒకటో తేదీ నుంచి పనిలో చేరండి. కెమెరా మార్చకండి.” ఏం జరిగిందో ఎవరూ అతనికి సరిగ్గా చెప్పలేకపోయారు. ఇద్దరాడవాళ్ళూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. జోగిరాజుగారు పులిహోర తిని, తెచ్చిన కెమెరా తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం వీర్రాజు, జీవితమంతా ఇతరుల అభిప్రాయాలు చదివిన మనిషి, మొదటిసారి ఒక అభిప్రాయం రాశాడు. ప్రణీత్ పాత వీడియో కిందికి వెళ్ళి, “ఈ కెమెరాకి నా రేటింగ్ ఐదు. చేతులు బాగా కనిపిస్తాయి. మైకు ఎలా ఉంటుందో మాకు తెలియదు” అని పెట్టాడు. రెండు రోజులకి ప్రణీత్ నుంచి జవాబు వచ్చింది. “థాంక్స్ బ్రో, ఏ కెమెరా గురించి?” నన్ను అన్నన్ని మాటలన్నవాడికి నేను గుర్తే లేను. నవ్వుకున్నాను. పచ్చబొట్టు మాసిపోయింది.

ఐదేళ్ళు హైమ నా ముందు కూర్చుని పాఠాలు చెప్పింది. ఎన్ని ఊళ్ళ అమ్మానాన్నలు తమ పిల్లలతో మొదటిమాట ఆ తెరమీద నేర్చుకున్నారో నేను లెక్కపెట్టలేదు. నా గొప్పలు వినీ వినీ మీకు విసుగొచ్చి ఉంటుంది, ఇక్కడితో ఆపుతాను. ఆమెకిప్పుడు నాకంటే వేగంగా చూసే కెమెరా ఉంది, సంస్థవాళ్ళే పంపారు. మంచిదే. దానికి ఒక్క మైకే.

నేను పూజగది పక్కన అలమారలో, కుంకుమ భరిణె దగ్గర ఉంటున్నాను. నా తీగ ఎక్కడా గుచ్చి లేదు. ఏటా ఆయుధపూజకి తాయారమ్మ నన్ను తుడిచి, నుదుటిమీద సరైన చోట బొట్టు పెడుతుంది. అంతే కాదు, మధ్యాహ్నం కోడలు పాఠంలో ఉన్నప్పుడు వచ్చి నా ఎదుట నిలబడి, ఆ వారం నేర్చుకున్న మాటలన్నీ చేతులతో ఒకసారి చేసి చూసుకుంటుంది. కోడలి ముందు తప్పు చేస్తే సిగ్గట. నేనైతే నవ్వనని ధైర్యం. మొన్న ఒకరోజు మొగుడికి లారీ స్టీరింగుతో పేరు పెట్టి, అదీ నాకే మొదట చూపించింది.

పోయిన నెల పాతసామాన్లు కొనే అతను వచ్చి, పాత మోడెమ్, తుప్పుపట్టిన యూపీఎస్ బస్తాలో వేసుకుని నావైపు చెయ్యి చాచాడు.

“ఇది పని చేత్తాదాండీ అమ్మగారూ?”

“పని చేత్తాదో లేదో నాకు తెలీదు గానీ” అంది తాయారమ్మ, నన్ను అందుకుని అలమారలో పెడుతూ, “చూత్తాది. ఉండనీ.”

అతను వెళ్ళాక నా బొట్టు చెరగలేదు కదా అని చూసుకుని, నా కంట్లోకి సూటిగా చూస్తూ చేతులెత్తింది. బుగ్గమీద మచ్చ, పెదవిమీద మీసం, నుదుటిమీద చుట్టు. వేళ్ళు కాస్త నెమ్మదిగా కదులుతాయి గాని మాటలు తప్పిపోవు. పుట్టిన దగ్గర్నుంచి నాకు స్టార్లు వేసినవాళ్ళే గాని, నువ్వెవరికి వేస్తావని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే మాత్రం నా ఐదూ ఆవిడకే.